పైడయ్య కుడిచెవికి కాలిబ్రేషన్

కామేశం చేసిన తప్పు ఒక్కటే. నాలుగు వందల పన్నెండు ప్రశ్నలున్న ఫారంలో నాలుగు వందల పదకొండింటికి ఎవరో రాసిన జవాబులు ఎక్కించి, ఒక్కదానికి మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాడు. తర్వాత జరిగిందంతా ఆ ఒక్క నిజం వల్ల జరిగిందే.

అతను విజయనగరంలో సర్వమంగళా బిల్డర్స్ వారి సేఫ్టీ ఆఫీసరు. భద్రత గురించి ఏదో తెలుసని ఆ ఉద్యోగం రాలేదు. స్టోరులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో అతని చేతిరాత చూసి యజమాని అచ్యుతరామరాజు గారు ముచ్చటపడిపోయారు. "ఇంత గుండ్రటి అక్షరాలు సిమెంటు బస్తాలకి తగలేస్తున్నావేంటయ్యా" అని, నెత్తిన ఒక పసుపుపచ్చ హెల్మెట్ పెట్టి సేఫ్టీ కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనిమిదేళ్ళుగా కామేశం అక్కడే కూర్చుని, ప్రమాదాలు జరక్కుండా రాస్తున్నాడు.

ఆ యేడు ఒక కొత్త నిబంధన వచ్చింది. సమగ్ర నిర్మాణ సురక్షా ధ్రువీకరణ పీఠం అనే సంస్థ నుంచి అయిదు నక్షత్రాల పత్రం లేని కంపెనీ ఇక మీదట పెద్ద పనులకి టెండరు వెయ్యడానికి వీల్లేదు. రాజుగారి కన్ను మూడు వందల పడకల ఆసుపత్రి మీద ఉంది. పీఠానికి దరఖాస్తు పెట్టిన రోజునే ఆయన గేటు మీదికి అయిదు నక్షత్రాల బోర్డు చేయించడానికి కొలతలు ఇచ్చేశారు. "పత్రం రాకపోతే ఈ బోర్డు ఏం చేస్తావో నీ ఇష్టం కామేశం" అన్నారు. తన ఉద్యోగం ఏం చేస్తారో ఆయన ఇష్టమని కామేశానికి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

జవాబుల కోసం అతను ఓడల కంపెనీలో పనిచేసే బావమరిది దగ్గర్నించి వాళ్ళ ఫైలు తెచ్చుకున్నాడు. నెల రోజులు కూర్చుని గుండ్రంగా దించేశాడు. దాంతో సముద్రానికి పాతిక కిలోమీటర్ల దూరాన కడుతున్న ఆరంతస్తుల ఆడపిల్లల హాస్టలుకి, నీళ్ళలో పడ్డ కార్మికుణ్ణి సొరచేపల నుంచి కాపాడే విధానం పదకొండు పేజీల్లో ఏర్పడింది. నూట ముప్పై ఏడో ప్రశ్న దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. "పరంజా పటుత్వమును ఏ పరికరముతో పరీక్షించెదరు?" ఓడల వాళ్ళ ఫైల్లో దీనికి జవాబు లేదు.

కామేశానికి జవాబు తెలుసు. రోజూ చూస్తున్నదే. పైడయ్య మేస్త్రీ పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, బీడీ ఆర్పి, చింతకర్ర ముక్కతో పరంజాని మోసే సరుగుడు కర్రల్ని, ఆ బాదుల్ని ఒక్కొక్కదాన్నీ కొట్టి, కుడిచెవి ఆనించి వింటాడు. గట్టి బాదు ఒక రకంగా పలుకుతుంది, లోపల పుచ్చింది ఇంకో రకంగా పలుకుతుంది, కట్టుతాడు సడలితే మరో రకం. అనుమానం వస్తే ఆ బాదు మార్చేదాకా ఒక్క మనిషినీ పైకి ఎక్కనివ్వడు. రాజుగారు వచ్చి గంతులేసినా ఎక్కనివ్వడు. పైడయ్య విన్న పరంజా మీంచి పందొమ్మిదేళ్ళలో ఎవరూ పడలేదు. ఆ పందొమ్మిదేళ్ళలో ఎనిమిదేళ్ళ పేరు తనకి వచ్చిందన్న సంగతి తలుచుకుంటే కామేశానికి సిగ్గేసేది. ఆ సిగ్గు కొద్దీ, "పైడయ్య మేస్త్రీ కుడిచెవి" అని రాసి, కింద గీత కూడా గీశాడు.

పీఠం ప్రధాన మదింపు అధికారి పురుషోత్తమరావు గారు తెల్ల హెల్మెట్, తెల్ల చేతొడుగులు, మెడలో ఈలతో కారు దిగారు. కారు దగ్గర్నించి ఆఫీసు గదికి ఇరవై అడుగులు. ఎదురుగా ఆరంతస్తుల ఎత్తున పరంజా మీద నలభై మంది పని చేస్తున్నారు. ఆయన మాత్రం తల ఎత్తకుండా నేల చూసుకుంటూ నడిచారు, నడిచేటప్పుడు నేలే చూడాలని నిబంధన ఉందట. లోపలికొచ్చి కూర్చుని, "ఏదీ, మీ కట్టడం చూపించండి" అన్నారు. కామేశం ఫైలు చేతికిచ్చాడు. ఆయన తృప్తిగా తెరిచారు.

సొరచేపల దగ్గర ఆగి కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇంతవరకు మీ ప్రాంగణంలో ఎన్ని సొరచేపలు నమోదయ్యాయి?"

"ఒక్కటీ లేదండి."

"ముందస్తు నివారణ అంటే ఇదీ," అని ఆయన రాజుగారి వైపు తిరిగి మెచ్చుకున్నారు. రాజుగారు సొరచేపల్ని తానే తరిమినంత వినయంగా తల వంచారు.

ఇంకో గంటకి నూట ముప్పై ఏడు వచ్చింది. పురుషోత్తమరావు గారు దాన్ని రెండుసార్లు చదివి, ఆ గీత మీద వేలు పెట్టి, "సదరు పరికరాన్ని ప్రవేశపెట్టండి" అన్నారు.

పైడయ్య సిమెంటు చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి దండం పెట్టాడు.

"పరికరం తెచ్చారా?"

"ఏ పరికరం బాబూ?"

"చెవి."

పైడయ్య తడిమి చూసుకున్నాడు. "తెచ్చినాను బాబూ. రెండూ ఉన్నాయి."

"రెండోది స్పేరండి," అని కామేశం కంగారుగా అందించాడు. అధికారి "అదనపు పరికరం కలదు" అని రాసుకుని, తయారీ సంవత్సరం అడిగారు.

"పెద్ద గాలివాన వొచ్చిన యేడు బాబూ. మాయమ్మ సెప్పీది."

"తయారీ తేదీ అలభ్యం. చివరిసారి కాలిబ్రేషన్ ఎప్పుడు జరిగింది?"

పైడయ్య కామేశం మొహం చూశాడు. పరికరం సరిగ్గా ఉందో లేదో సరిచూడటమని కామేశం వివరించాడు. పైడయ్య, "సిన్నప్పుడు బళ్ళో మేస్టారు మెలేసీవోరు బాబూ. మల్లీ ఎవులూ ముట్టుకోలేదు" అన్నాడు.

పురుషోత్తమరావు గారు కలం కింద పెట్టి, పీఠం మీంచి మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టారు. "అచ్యుతరామరాజు గారూ, కొలిచేది ఏదైనా కొలత పరికరమే. మేకుకి కాలిబ్రేషన్ అక్కర్లేదు, టేపుకి కావాలి. ఈ చెవి మేకు కాదు. ఏటేటా సరిచూడని, క్రమసంఖ్య లేని, వారంటీ లేని ఒక చెవి మీద మీరు పందొమ్మిదేళ్ళుగా ఆధారపడుతున్నారు. పీఠం దీన్ని తీవ్ర అననుగుణతగా పరిగణిస్తుంది. కాలిబ్రేషన్ పూర్తయ్యే వరకు సదరు పరికరం వాడుక నిషిద్ధం."

"మరి అప్పటిదాకా పరంజా సంగతి?" అన్నాడు కామేశం.

"పరంజాకేం? బాదులు సరఫరా చేసినవారి అయిదేళ్ళ నాణ్యతా పత్రం ఫైల్లో ఉంది, చూశాను. పరంజా మీద మాకే అభ్యంతరమూ లేదు. పని యథావిధిగా సాగించవచ్చు. వినడం మాత్రం కూడదు."

ఆ మాట అని, సంచిలోంచి "వాడరాదు" అని రాసి ఉన్న ఎర్ర చీటీ తీసి, దారంతో పైడయ్య కుడిచెవికి వేలాడదీసి వెళ్ళిపోయారు.

సాయంత్రం పని దిగాక పైడయ్య వచ్చి కామేశం ఎదర నిలబడ్డాడు. చీటీ ఇంకా చెవికి ఊగుతూనే ఉంది, తీస్తే ఏం కేసవుతుందో అని భయం. "బాబూ, కొట్టి ఇనకుండా ఈ జనాన్ని ఎలగెక్కించీమంటారు? మా ఇంటిది నూకాలు కూడా ఆ నాలుగో అంతస్తు మీదే సిమెంటు అందిస్తంది" అన్నాడు.

ఆ రాత్రి కామేశం నిబంధనలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళూ అబద్ధాలు రాసి ఎవరికీ కీడు చెయ్యనివాడు, ఒక్క నిజంతో నలభై మంది ప్రాణాల మీదికి తెచ్చాడు. పొద్దున్నకి ఒక ఉపాయం తట్టింది. కాలిబ్రేషన్ అయ్యేదాకా పైడయ్య రోజూ ఆరున్నరకి సందర్శకుడిగా వస్తాడు. సందర్శకుల పుస్తకంలో వచ్చిన పని అన్న గడిలో "కట్టడ సౌందర్యమును తిలకించుట" అని కామేశం రాస్తాడు. సందర్శకులు బాదులు కొట్టరాదని ఎక్కడా లేదు. అలా పైడయ్య రోజూ సౌందర్యాన్ని తిలకించి, ఏడున్నరకి మేస్త్రీ అయ్యేవాడు.

కాలిబ్రేషన్‌కి మొదట చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన గుబిలి తీసి, ఈ వయసులో ఇంత చురుకైన చెవి తాను చూడలేదని రాసిచ్చాడు. పీఠం నుంచి తిరుగుటపాలో జవాబు వచ్చింది: "వైద్యుడు రోగి చెవిని మాత్రమే ధ్రువీకరించగలడు. పరికరమును ధ్రువీకరించు అధికారము ప్రయోగశాలకు మాత్రమే కలదు." ప్రయోగశాల రాజధానిలో ఉంది. పరికరాన్ని దూది పరిచిన చెక్కపెట్టెలో, పైన "పెళుసు వస్తువు" అని రాసి పంపమన్నారు. పరికరం ఒక మనిషికి అతుక్కుని ఉందని కామేశం మూడు ఉత్తరాలు రాశాడు. మూడోదానికి అనుమతి వచ్చింది. పరికరంతో పాటు దాని స్టాండును కూడా పంపవచ్చును అన్నారు.

స్టాండు రైల్లో వెళ్ళి, చెప్పిన దానికి వారం ఆలస్యంగా తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది.

"మంచుగెడ్డలాటి గదిలో కూకోబెట్టీసినారు బాబూ," అన్నాడు పైడయ్య. "పరికరం ఒక రోజల్లా కుదురుగా ఉండాలట. మాటాడితే మల్లీ మొదట్నించి లెక్క. తుమ్మితే మల్లీ మొదట్నించి. ఆ సలికి తుమ్మకుండా ఎలగుంటాను? ఏడు పాల్లు తుమ్మినాను."

"ఫలితం ఏమన్నారు?"

పైడయ్య తల తిప్పి చూపించాడు. చెవి వెనక ఆకుపచ్చ స్టిక్కరు అంటించి ఉంది. ఉత్తీర్ణత, ఆరు నెలలు చెల్లుబాటు. స్టిక్కరు తడవకూడదు కనక అప్పటిదాకా తలస్నానం వద్దన్నారట.

రాజుగారు సంబరపడి మిఠాయి పంచారు. ఆ మిఠాయి నోట్లో ఉండగానే పీఠం నుంచి వాడుక నియమావళి వచ్చింది.

పరికరమూ, పరికరాన్ని వాడే వ్యక్తీ ఒక్కరే కాకూడదు. టేపు తనని తాను పట్టుకుని కొలవదు కదా అన్నది పీఠం వాదన. కాబట్టి పైడయ్య పరికరం, కామేశం వాడుకరి. కామేశం చేతొడుగులు వేసుకుని, పైడయ్య చెవి తమ్మెను బొటనవేలితో చూపుడువేలితో పట్టుకుని బాదుకి ఆనించాలి. కర్ర కామేశమే కొట్టాలి. పరికరం ఎట్టి పరిస్థితుల్లోనూ అభిప్రాయం చెప్పకూడదు. మరి తెలిసేదెలా అని కామేశం రాస్తే, పీఠం సాంకేతిక సంఘం మూడు సార్లు సమావేశమై, కనురెప్పను దృశ్య సూచికగా ఆమోదించింది. బాదు బాగుంటే ఒకసారి ఆర్పాలి, లోపముంటే రెండుసార్లు.

పైడయ్య పేరు హాజరుపట్టీలోంచి కొట్టేశారు. మనిషీ పరికరమూ రెండు పుస్తకాల్లో ఉంటే ఆడిట్లో పట్టుకుంటారు. పరికరాల పుస్తకంలో డ్రిల్లు మిషనుకీ రసమట్టానికీ మధ్య నలభై మూడో నంబరు ఇచ్చారు. పరికరాల్ని పని అయ్యాక స్టోరులో పెట్టి తాళం వెయ్యాలని పాత నిబంధన ఒకటి ఉంది. ఆ సంగతి స్టోరు గుమాస్తా గుర్తు చేసిన సాయంత్రం, నూకాలమ్మ తట్ట కింద పడేసి ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి బాబూ, మా ఆయన్ని బీరువాలో ఎట్టీసి తాళం ఏసీస్తారేటి?"

"కాదమ్మా, అలా కాదు," అని కామేశం చెమటలు కక్కుతూ గేటుపాసు పుస్తకం తీశాడు. "తిరిగి వచ్చు సరుకు" అన్న పాసు మీద, నలభై మూడో నంబరు పరికరం ఒకటి, నూకాలమ్మ ద్వారా, పొద్దున్న ఆరింటికి తిరిగి అప్పగించవలెను అని రాసిచ్చాడు.

నూకాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "సెడిపోతే?"

"బాగు చేయించి తేవాలి."

"పెల్లయి ముప్పై ఏల్లయింది బాబూ. ఇప్పుటి దాకా బాగు సెయ్యలేకపోనాను," అని మొగుడి చెయ్యి పట్టుకుని గేటు దాటింది. వాచ్‌మన్ పాసు మీద సీలు వేశాడు.

ఇదంతా నవ్వుకుని మర్చిపోయే వ్యవహారమే అయితే కామేశం కూడా నవ్వేసేవాడు. కానీ పైడయ్య ఒక బాదుని పది సెకన్లలో వినేవాడు. ఇప్పుడు చేతొడుగులు వేసుకుని, చెవి పట్టుకుని, గది ఉష్ణోగ్రత రాసి, కనురెప్ప లెక్కపెట్టి, సంతకం పెట్టేసరికి బాదుకి తొమ్మిది నిమిషాలు. హాస్టలు చుట్టూ ఉన్నవి మూడు వందల పన్నెండు బాదులు. పని మొదలయ్యేలోగా పది కన్నా ఎక్కువ కావు. మిగతా వాటి సంగతి అడిగితే, "నమూనా పద్ధతి. అన్నం మెతుకులన్నీ పట్టి చూడం కదా" అన్నారు పీఠం వారు. సందర్శకుడి ఉపాయమూ పోయింది, పరికరాలు సందర్శనకి రావు. రోజుకి మూడు వందల బాదులు వినకుండానే నలభై మంది పైకెక్కుతున్నారు. కామేశం ఎప్పుడూ కిటికీ వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. ఇప్పుడు కుర్చీ తిప్పుకుని, సాయంత్రం అందరూ దిగేదాకా పరంజానే చూస్తూ కూర్చుంటున్నాడు. భయం వేస్తోంది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

చివరికి నక్షత్రాలు ఇచ్చే రోజు వచ్చింది. పీఠం వారి పత్రికలో వెయ్యడానికి ఫొటో కావాలి. తూర్పు వైపు రోడ్డుకి కనబడేలా, నాలుగో అంతస్తు పరంజా మీద నలభై మంది కార్మికులూ కొత్త హెల్మెట్లతో వరసగా నిలబడాలి. మధ్యలో రాజుగారు, పురుషోత్తమరావు గారు అయిదు నక్షత్రాల పత్రం పట్టుకోవాలి. పరంజా మీద అంత జనం ఒక్కసారి ఎప్పుడూ ఎక్కలేదు. ఆ పొద్దున్న నమూనా కింద కామేశం కావాలనే తూర్పు వైపు బాదులే ఎంచుకున్నాడు.

అయిదో బాదు దగ్గర పైడయ్య రెండుసార్లు కనురెప్పలు ఆర్పాడు. కామేశం మళ్ళీ కొట్టాడు. మళ్ళీ రెండుసార్లు. మూడోసారి కొట్టేసరికి పైడయ్య ఆపకుండా టపటపా ఆర్పడం మొదలుపెట్టాడు. నియమావళి ప్రకారం నోరు తెరవలేదు గానీ, కామేశం చెయ్యి మీద తన చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

కామేశం కాగితం పట్టుకుని పరిగెత్తాడు. రాజుగారి పక్కన పూలదండతో కూర్చున్న పురుషోత్తమరావు గారు దాన్ని నిదానంగా చదివారు.

"పరికరం, బాదు పుచ్చిందంటోంది. సరఫరాదారు పత్రం, బాదు బాగుందంటోంది. రెండు పత్రాలు విభేదించినప్పుడు ఏం చెయ్యాలో పీఠం స్పష్టంగా చెప్పింది. మీ పరికరం పత్రానికి గడువు ఆరు నెలలు. బాదు పత్రానికి అయిదేళ్ళు. దీర్ఘకాలికమైనదే చెల్లుతుంది. లోపం పరికరంలో ఉన్నట్టు."

"అయ్యా, బాదు లోపల పుచ్చిపోయిందండి."

"పుచ్చిన బాదుకి అయిదేళ్ళ పత్రం ఎలా ఇస్తారయ్యా?" అని ఆయన ఎంతో ఓర్పుగా అడిగారు.

ఈల ఊదారు. మేళం మొదలైంది. పురుషోత్తమరావు గారు నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఎందుకో ఆగి, పక్కనే నిలబడ్డ పైడయ్య వైపు వంగారు. "మేస్త్రీ, నిజంగానే పుచ్చిందంటావా?" అన్నారు, రాజుగారికి వినబడనంత మెల్లగా.

పైడయ్య రెండుసార్లు కళ్ళు ఆర్పాడు.

ఆయన కాలు వెనక్కి వచ్చేసింది. "ప్రధాన మదింపు అధికారి దూరం నుంచి పర్యవేక్షించడమే పద్ధతి. నా ఫొటో విడిగా తీసి అతికించవచ్చు," అన్నారు. ఆయన మొహం చూడగానే రాజుగారికి మోకాలి నొప్పి గుర్తొచ్చింది. "కార్మికులు మాత్రం కార్యక్రమం ప్రకారం ఎక్కవచ్చు," అని పురుషోత్తమరావు గారు ఇరవై అడుగులు దూరం జరిగి, ఇంకో పది జరిగి, మళ్ళీ ఈల ఊదారు.

కామేశం అన్నీ చూశాడు. ఆ ముసలి చెవి మాట తన కాలి దగ్గర నమ్మి, నలభై మంది కాళ్ళ దగ్గర నమ్మని మనిషిని చూశాడు. బతుకులో ఎన్నడూ రానంత కోపం వచ్చింది అతనికి. నిచ్చెన దగ్గర నూకాలమ్మ ముందుంది, కొత్త హెల్మెట్ కింద కొంగు సర్దుకుంటూ రెండు మెట్లు ఎక్కేసింది.

"ఎవరూ ఎక్కొద్దు!" అని కామేశం అరిచాడు. మేళం ఆగింది.

"ఏ నిబంధన కింద?" అన్నారు అధికారి దూరం నుంచి.

కామేశానికి నాలుగు వందల పన్నెండు ప్రశ్నలూ కంఠతా వచ్చు. వాటిల్లో పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. "పైడయ్య చెప్పాడండి," అన్నాడు.

"పరికరం చెప్పదు. సూచిస్తుంది."

అప్పుడు పైడయ్య నోరు తెరిచాడు. "ఒలే నూకాలూ, దిగు. ఎవులూ ఇక్కడ ఉండొద్దర్రా, ఆ ఇసక గుట్ట కాడికి ఎల్లిపోండి." పెద్దగా కూడా అనలేదు. నలభై మందీ ఇసక గుట్ట దగ్గరికి వెళ్ళిపోయారు.

"పరికరం సిబ్బందికి ఆదేశాలిస్తోంది!" అని పురుషోత్తమరావు గారు రాసుకుంటూ ఉండగానే, కామేశం మోకు తెచ్చి ఆ అయిదో బాదుకి ముడేశాడు. నలుగురు మగాళ్ళు వచ్చి మోకు రెండో కొస పట్టుకుని దూరంగా నిలబడ్డారు. ఒక్క గుంజు గుంజారు. బాదు చెరకు గడలా ఫెళ్ళుమంది. దాని మీది బాదు, దాని పక్క బాదు, చెక్కలు, తాళ్ళు, పూలదండలు, ఆరంతస్తుల తూర్పు పరంజా మొత్తం నేల మీదికి వచ్చేసింది.

దుమ్ము తగ్గింది. తాము వరసగా నిలబడాల్సిన చోటు వైపు అందరూ తలెత్తి చూశారు. అక్కడ ఉత్త గాలి ఉంది. నూకాలమ్మ ఇసకలో కూలబడిపోయింది. కామేశం పైడయ్య భుజం పట్టుకున్నాడు.

"కార్మికులెవరైనా గాయపడ్డారా?" అన్నారు పురుషోత్తమరావు గారు.

"లేదండి."

"గాయాలు సున్నా," అని రాసుకుని కారెక్కారు.

నివేదిక పది రోజులకి వచ్చింది. చెల్లుబాటు పత్రం కలిగిన బాదు తనంతట తాను విరుగుట అసంభవము గనుక, కూలుటకు కారణము మోకుతో గుంజుటయే అని నిర్ధారణ అయింది. గుంజిన సేఫ్టీ ఆఫీసరును సదరు బాధ్యతల నుంచి తప్పించవలెను. తప్పుడు సూచన ఇచ్చి, పైపెచ్చు మాట్లాడిన నలభై మూడో నంబరు పరికరమును తుక్కు కింద తొలగించవలెను. అయితే నలభై మంది కార్మికులను నిమిషములో ఖాళీ చేయించి ఒక్క గాయమైనా లేకుండా పరంజాను కూల్చుట దేశములోనే ఇది ప్రథమమగుట వలన, కంపెనీకి అయిదు నక్షత్రములు మంజూరు చేయడమైనది.

రాజుగారు బోర్డు ఎత్తించారు. కామేశాన్ని పిలిచి, "అక్షరాలు బంగారమే గానీ నీకు చేతి దూకుడు ఎక్కువయ్యా" అని మళ్ళీ స్టోరుకి పంపారు. సేఫ్టీ కుర్చీలోకి ఇంకా గుండ్రంగా రాసే ఒకతను వచ్చాడు. పైడయ్యని పరికరాల పుస్తకంలోంచి కొట్టేసి తుక్కు జాబితాలో ఎక్కించారు. వారం రోజులు వేలంలో ఎవరూ పాడుకోకపోయేసరికి, "తిరిగి రాని సరుకు" అన్న పాసు మీద నూకాలమ్మ అతన్ని ఇంటికి తీసుకెళ్ళి, శుభ్రంగా తలంటి పోసింది. మర్నాడు అతను కొత్త మేస్త్రీగా హాజరుపట్టీలో చేరాడు. తుక్కు ఏం వింటే పీఠానికేం? ఆ విషయంలో ఏ నిబంధనా లేదు.

స్టోరు తొమ్మిదింటికి తెరుస్తారు. కామేశం మాత్రం రోజూ ఆరున్నరకే వచ్చేవాడు. ఎవరూ రమ్మనలేదు. మొదటి రోజు ఊరికే పైడయ్య వెనక నడిచాడు. రెండో రోజు పైడయ్య కర్ర అతని చేతికిచ్చి, "మీరూ ఇనండి బాబూ. నాకేటి వొయిసు తగ్గుతోందా?" అన్నాడు. కామేశం కొట్టాడు, చెవి ఆనించాడు. అన్ని బాదులూ ఒక్కలాగే పలికాయి. వారం తర్వాతా ఒక్కలాగే పలికాయి. ఎనిమిదేళ్ళు వీటి గురించి రాసిన తనకి ఒక్కటీ తెలియదని అతనికి అర్థమైంది. అయినా మానలేదు.

ఇరవై రోజులు దాటాక, ఒక పొద్దున్న పడమటి వైపు ఒక బాదు దగ్గర అతను ఆగిపోయాడు. మళ్ళీ కొట్టాడు. శబ్దం అడుగుదాకా దిగకుండా మధ్యలోనే ఎక్కడో ఆగిపోతోంది. అప్పటికే కార్మికులు తట్టలతో నిచ్చెన దగ్గరికి వచ్చేశారు.

"మేస్త్రీ," అన్నాడు కామేశం. "ఇది పనికిరాదేమో. నువ్వొకసారి వింటావా?"

పైడయ్య బాదు దగ్గరికి రాలేదు. వెనక్కి తిరిగి, "ఆగండర్రా, ఈ బాదు మార్చీదాక ఎవులూ ఎక్కొద్దు. కామేశం బాబు సెప్పినారు" అన్నాడు.

నలభై మందీ తట్టలు దించేశారు. ఏ పత్రం అని ఒక్కరూ అడగలేదు. ఎనిమిదేళ్ళు ఎన్ని రాసినా, ఒక్క మనిషి కూడా తన మాట నమ్మి ఇలా ఆగలేదన్న సంగతి కామేశానికి అప్పుడు తెలిసొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బాదు వైపు తిరిగి తుడుచుకున్నాడు.

నూకాలమ్మ నేల మీద కొంగు పరుచుకుని కూర్చుంది. "తొందరేటి లేదు బాబూ," అంది. "మార్పించండి. కూకుంటాం."